ఇంగ్లీషు ఫ్రేజల్ వెర్బులు, వాటితో చేరే నామవాచకాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నంలో ఇంటర్వ్యూలకు సిద్ధమవుతున్న డిగ్రీ విద్యార్థులు, రుషికొండ వైపు ఐటీ కంపెనీలలో కొత్తగా చేరినవారు, పిల్లల చేత ఇంగ్లీషు హోంవర్కు చేయించే తల్లిదండ్రులు పదేపదే అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము. ఫ్రేజల్ వెర్బుల జాబితాలు బజారులో ఎన్నో దొరుకుతాయి, వాటిలో అర్థాలూ ఉంటాయి. క్రియతో పాటు వచ్చే నామవాచకం ఎక్కడ ఉండాలి, అది మారితే అర్థం ఏమవుతుంది అన్న సంగతి మాత్రం ఆ జాబితాలలో అరుదుగా కనిపిస్తుంది కనుక ఇక్కడ దాని మీదనే దృష్టి పెట్టాము. ఉదాహరణలన్నీ తెలుగు లిపిలోనే ఉన్నాయి. “స్విచ్ ఆఫ్”లో వచ్చే మాటను “ఆఫ్” అని, “యొక్క” అనే అర్థంలో వచ్చే మాటను “ఆవ్” అని రాశాము. ఉచ్చారణలోనూ ఆ తేడా ఉన్నది, మనమే దానిని తరచు విస్మరిస్తాము.

ఫ్రేజల్ వెర్బ్ అంటే ఏమిటి? నౌన్ ఫ్రేజ్ అంటే ఏమిటి?

ఒక క్రియకు “అప్, డౌన్, ఇన్, అవుట్, ఆన్, ఆఫ్” వంటి చిన్న మాట చేరి, రెండూ కలిసి ఒకే క్రియగా పనిచేస్తే దానిని ఫ్రేజల్ వెర్బ్ అంటారు. ఆ చిన్న మాటను పార్టికల్ అంటారు. “పుట్” అంటే పెట్టడం, “పుట్ ఆఫ్” అంటే వాయిదా వేయడం. నౌన్ ఫ్రేజ్ అంటే ఒక నామవాచకమూ, దానికి ముందూ వెనుకా అంటిపెట్టుకొని వచ్చే మాటలూ కలిసిన గుంపు. “లైట్” ఒక నామవాచకం. “ద లైట్ ఇన్ ద కిచెన్” మొత్తం ఒకే నౌన్ ఫ్రేజ్.

“టర్న్ ఆఫ్ ద లైట్” అనాలా, “టర్న్ ద లైట్ ఆఫ్” అనాలా?

రెండూ సరైనవే, అర్థంలోనూ తేడా లేదు. కర్మను తీసుకొనే ఫ్రేజల్ వెర్బులలో అధికభాగం ఈ వెసులుబాటును ఇస్తాయి. “పుట్ ఆన్ యువర్ హెల్మెట్” అన్నా, “పుట్ యువర్ హెల్మెట్ ఆన్” అన్నా ఒకటే.

తెలుగువారికి ఇది కొంత వింతగా తోచడానికి కారణం లేకపోలేదు. మన భాషలో మాటల వరుస మారినా విభక్తి ప్రత్యయం కర్మను పట్టిస్తుంది. “పార్సిల్‌ని తమ్ముడు తెచ్చాడు” అన్నా “తమ్ముడు పార్సిల్‌ని తెచ్చాడు” అన్నా తెచ్చినది ఎవరో తెలిసిపోతుంది. ఇంగ్లీషులో ఆ పనిని స్థానమే చేస్తుంది. అంత కట్టుదిట్టమైన వరుస ఉన్న భాషలో ఈ ఒక్కచోట రెండు స్థానాలు అనుమతించడం వల్ల, ఏది ఎప్పుడు వాడాలి అన్న సందేహం సహజంగానే వస్తుంది. దానికి సమాధానం తరువాతి రెండు ప్రశ్నలలో ఉన్నది.

క్యాబ్ డ్రైవరు “ఐ విల్ పిక్ అప్ యు” అంటే తప్పు అని మా అమ్మాయి అంటున్నది. నిజమేనా?

నిజమే. “ఐ విల్ పిక్ యు అప్” అనాలి. “మీ, యు, హిమ్, హర్, ఇట్, అస్, దెమ్” వంటి సర్వనామం కర్మగా వచ్చినప్పుడు అది క్రియకూ పార్టికల్‌కూ మధ్యలోనే ఉండాలి. “టర్న్ ఇట్ ఆఫ్”, “కాల్ హిమ్ బ్యాక్”, “డ్రాప్ అస్ ఆఫ్ ఎట్ ద కాంప్లెక్స్” అన్నవి సరైన వాక్యాలు. “టర్న్ ఆఫ్ ఇట్” అన్నది ఏ సందర్భంలోనూ ఒప్పుకోదగినది కాదు.

సర్వనామం అప్పటికే తెలిసిన విషయాన్ని సూచిస్తుంది. ఇంగ్లీషు వాక్యంలో చివరి స్థానం సాధారణంగా కొత్త సమాచారానికి, ఒత్తి పలికే మాటకు దక్కుతుంది. పాతదీ ఒత్తు లేనిదీ అయిన “ఇట్” ఆ స్థానానికి తగదు కనుక లోపలికి జరుగుతుంది, ఒత్తు పడే “ఆఫ్” చివర నిలుస్తుంది. ఎంవీపీ కాలనీలో మీ ఇంటి ముందు నిలబడి ఫోను చేసిన డ్రైవరుకు మీరెవరో కొత్తగా చెప్పనవసరం లేదు. అతడు చెప్పదలచినది ఎక్కించుకోవడం గురించి మాత్రమే. సర్వనామానికి మరొక మాట జతపడి బరువెక్కినప్పుడు నియమం కొంత సడలుతుంది. “డ్రాప్ ఆఫ్ మీ అండ్ మై సిస్టర్ ఎట్ మద్దిలపాలెం” అంటే ఎవరూ తప్పు పట్టరు. అలాగే “సమ్‌థింగ్, ఎవ్రీబడీ” వంటివి మామూలు నామవాచకాల లాగా రెండు స్థానాలలోనూ రాగలవు.

నౌన్ ఫ్రేజ్ బాగా పొడవుగా ఉంటే ఏమి చేయాలి?

పార్టికల్ తరువాతే పెట్టాలి. ఆర్టీసీ కాంప్లెక్స్‌లోని కార్గో కౌంటరుకు తమ్ముణ్ణి పంపుతూ “ప్లీజ్ పిక్ అప్ ద పార్సిల్ దట్ కేమ్ ఫ్రమ్ హైదరాబాద్ ఫర్ అక్కాస్ వెడ్డింగ్” అని సందేశం రాస్తే, చదివేవాడికి మూడో మాటకే చేయవలసిన పని అర్థమవుతుంది. అదే వాక్యాన్ని “ప్లీజ్ పిక్ ద పార్సిల్ దట్ కేమ్ ఫ్రమ్ హైదరాబాద్ ఫర్ అక్కాస్ వెడ్డింగ్ అప్” అని రాస్తే, “పిక్” అన్న మాటను మనసులో మోస్తూ చివరి “అప్” దాకా వేచి ఉండవలసి వస్తుంది. అప్పటికి చదివేవాడు “ఏరుకో” అనే అర్థానికి వెళ్ళిపోయి మళ్ళీ వెనక్కి రావలసి ఉంటుంది. వ్యాకరణం దీనిని గట్టిగా నిషేధించదు గాని, ఇంగ్లీషు బాగా వచ్చినవారెవరూ ఇలా రాయరు.

పొట్టి అంశం ముందు, పొడవైన అంశం తరువాత రావడం అనే ఈ ధోరణిని జర్మన్ భాషాశాస్త్రవేత్త ఓటో బెహాగెల్ 1909లోనే ఒక సూత్రంగా ప్రతిపాదించాడు. ఇంగ్లీషు వ్యాకరణాలలో దీనిని “ఎండ్ వెయిట్” అంటారు.

ఎన్ని మాటలు ఉంటే పొడవైనట్లు అని కొందరు అడుగుతారు. లెక్క కట్టి చెప్పగల హద్దు లేదు. “ద లైట్”, “యువర్ షూస్” వంటి రెండు మాటల ఫ్రేజ్ ఎక్కడైనా ఇముడుతుంది. “ద లైట్ ఇన్ ద కిచెన్” మధ్యలో పెడితే వినవచ్చు. “దట్, హూ, విచ్” తో మొదలయ్యే తోకవాక్యం చేరిందంటే మాత్రం చివరకు పంపడమే మేలు. వాక్యాన్ని ఒకసారి పైకి చదివి చూడండి: పార్టికల్ దగ్గరకు వచ్చేసరికి క్రియ ఏదో మరచిపోయే స్థితి వస్తే, నౌన్ ఫ్రేజ్‌ను వెనక్కి జరపండి.

“గెట్ ఆఫ్ ద బస్”కూ “టేక్ ఆఫ్ యువర్ షూస్”కూ తేడా ఏమిటి? రెండింటిలోనూ “ఆఫ్” ఉన్నది కదా?

పైకి ఒకేలా కనిపించినా నిర్మాణం వేరు. జగదాంబ జంక్షన్‌లో బస్సు దిగేటప్పుడు “గెట్ ఆఫ్ ద బస్” అంటాము. ఇక్కడ “ఆఫ్” ప్రిపోజిషన్. అది “ద బస్” అనే నౌన్ ఫ్రేజ్‌ను పట్టుకొని ఉంటుంది. అందుచేత సర్వనామం వచ్చినా “గెట్ ఆఫ్ ఇట్” అనే అంటాము, “గెట్ ద బస్ ఆఫ్” అనము. సింహాచలం గుడి ముందు చెప్పులు విడిచేటప్పుడు “టేక్ ఆఫ్ యువర్ షూస్” అంటాము. ఇక్కడి “ఆఫ్” పార్టికల్. అది “టేక్”ను పట్టుకొని ఉంటుంది. అందుకే “టేక్ యువర్ షూస్ ఆఫ్”, “టేక్ దెమ్ ఆఫ్” రెండూ కుదురుతాయి.

“లుక్ ఆఫ్టర్, లుక్ ఫర్, లుక్ ఎట్, డిపెండ్ ఆన్, వెయిట్ ఫర్, లిజన్ టు” మొదటి తెగకు చెందినవి. వీటిని ప్రిపోజిషనల్ వెర్బులు అంటారు. “అమ్మమ్మ లుక్స్ ఆఫ్టర్ ద చైల్డ్”ను “లుక్స్ ద చైల్డ్ ఆఫ్టర్” అని మార్చలేము. “పుట్ ఆఫ్, గివ్ బ్యాక్, ఫిల్ ఇన్, స్విచ్ ఆన్, కాల్ ఆఫ్, థ్రో అవే” రెండవ తెగకు చెందినవి.

గుర్తుపట్టడానికి సర్వనామ పరీక్ష ఒక్కటే చాలా సందర్భాలలో సరిపోతుంది. మరొక పరీక్ష కూడా ఉన్నది: క్రియ తరువాత “కేర్‌ఫుల్లీ” వంటి మాట పెట్టి చూడండి. “షి లుక్డ్ కేర్‌ఫుల్లీ ఎట్ ద మ్యాప్” సహజంగా ఉంటుంది; “షి స్విచ్డ్ కేర్‌ఫుల్లీ ఆఫ్ ద మోటార్” ఎబ్బెట్టుగా ఉంటుంది. చెవితో పట్టగలిగినవారికి ఒత్తు కూడా ఆధారమే, ఎందుకంటే పార్టికల్ మీద ఒత్తు పడుతుంది, ప్రిపోజిషన్ మీద సాధారణంగా పడదు. మన ఉచ్చారణలో అన్ని మాటలనూ దాదాపు సమానంగా పలుకుతాము కనుక ఈ మూడవ పరీక్ష మనకు అంతగా ఉపయోగపడదు.

ఒకే ఫ్రేజల్ వెర్బ్‌కు అన్ని అర్థాలు ఎందుకు? అన్నీ బట్టీ పట్టాలా?

బట్టీ పట్టనవసరం లేదు. అర్థాన్ని నిర్ణయించేది చాలావరకు పక్కన వచ్చే నామవాచకమే, ఈ పద్ధతి మనకు కొత్తదీ కాదు. తెలుగులో “వేయు” అనే క్రియను తీసుకోండి. తలుపు వేస్తాము, ముగ్గు వేస్తాము, ఓటు వేస్తాము, అట్టు వేస్తాము, లైటు వేస్తాము, పందెం వేస్తాము. తలుపు వేయడం మూయడం, లైటు వేయడం వెలిగించడం, ఓటు వేయడం ఇంకేదో. ఈ అర్థాలను ఏ పిల్లవాడూ జాబితాగా నేర్చుకోడు. నామవాచకంతో జంటగా వింటాడు, జంటగా వాడతాడు.

“పుట్ ఆన్” కూడా అటువంటిదే. “ఎ షర్ట్” వస్తే తొడుక్కోవడం, “వెయిట్” వస్తే ఒళ్ళు చేయడం, “ద ఫ్యాన్” వస్తే వేయడం, “ఎ ప్లే” వస్తే నాటకం ప్రదర్శించడం. “పిక్ అప్” సంగతి మరింత విస్తారం. “ఎ ప్యాసింజర్” అయితే ఎక్కించుకోవడం. “ద ఫోన్” అయితే ఎత్తడం. “ఎ లాంగ్వేజ్” అయితే పాఠం లేకుండా వినికిడితో నేర్చుకోవడం. “ఎ హ్యాబిట్” అయితే అలవాటు అంటుకోవడం. పోర్టు ప్రాంతంలో పనిచేయడానికి ఒడిశా నుంచి వచ్చినవారు కొన్ని నెలలలో తెలుగు మాట్లాడడం మొదలుపెడితే “దే పిక్డ్ అప్ తెలుగు” అంటాము. ట్యూషన్ పెట్టించుకొని నేర్చుకున్నవారికి ఆ మాట అంతగా నప్పదు. “మేక్ అప్”కు “ఎ స్టోరీ” తోడైతే కట్టుకథ అల్లడం, “యువర్ మైండ్” తోడైతే నిర్ణయానికి రావడం. “టర్న్ డౌన్”కు “ద వాల్యూమ్” వస్తే తగ్గించడం, “ది ఆఫర్” వస్తే తిరస్కరించడం.

అందుచేత పుస్తకంలో “టర్న్ డౌన్: తిరస్కరించు” అని ఒంటరిగా రాసుకోవడం కన్నా “టర్న్ డౌన్ ఎ జాబ్ ఆఫర్, టర్న్ ఇట్ డౌన్” అని రాసుకోవడం మంచిది. అందులో అర్థమూ, నామవాచకమూ, సర్వనామం స్థానమూ మూడూ ఒకే పంక్తిలో వచ్చేస్తాయి. రోజుకు ఇరవై కొత్త క్రియలు నేర్పుతామనే ప్రకటనలను చూసి మోసపోవద్దని మా సలహా.

“పుట్ ఆన్ వెయిట్”లో “ద” ఎందుకు లేదు?

అక్కడ బరువు అన్నది ఫలానా బరువు కాదు, సాధారణ భావన. “గివ్ అప్ హోప్”, “టేక్ అప్ స్పేస్” కూడా ఇటువంటివే. చూపించగలిగిన ఒక వస్తువు గురించి మాట్లాడేటప్పుడు మాత్రం “ద” గాని, “యువర్” వంటి మాట గాని తప్పనిసరి. తెలుగులో ఆర్టికల్స్ లేనందువల్ల “స్విచ్ ఆఫ్ ఫ్యాన్”, “పిక్ అప్ ఫోన్” అనడం మనకు అలవాటైపోయింది. “స్విచ్ ఆఫ్ ద ఫ్యాన్” అనాలి. నౌన్ ఫ్రేజ్‌లో మొదటి మాటే ఎగిరిపోతున్నదని గమనించండి.

మాటల వరుస మార్చడానికి అసలు వీలులేనివి ఉన్నాయా?

కొన్ని ఉన్నాయి. “షి క్రైడ్ హర్ ఐస్ అవుట్” అనే నుడికారంలో నామవాచకం మధ్యలోనే ఉండాలి. “దే పుట్ అప్ ఎ గుడ్ ఫైట్”లో చివరనే ఉండాలి. “గివ్ అప్ స్మోకింగ్” వలె “ఇంగ్”తో ముగిసే రూపం వచ్చినప్పుడు కూడా పార్టికల్ తరువాత ఉంచడమే రివాజు. ఇవి కారణం వెదకకుండా యథాతథంగా నేర్చుకోవలసినవి.

మూడు మాటల ఫ్రేజల్ వెర్బుల సంగతి ఏమిటి?

“పుట్ అప్ విత్, రన్ అవుట్ ఆవ్, లుక్ ఫార్వర్డ్ టు, కీప్ అప్ విత్” వంటి వాటిలో చివరి మాట ప్రిపోజిషన్. కనుక నౌన్ ఫ్రేజ్ పొట్టిదైనా పొడుగుదైనా, సర్వనామమైనా చివరనే వస్తుంది: “వియ్ హావ్ రన్ అవుట్ ఆవ్ గ్యాస్”, “ఐ కాంట్ పుట్ అప్ విత్ దిస్ హ్యుమిడిటీ”. మే నెలలో విశాఖలో ఉండేవారికి రెండో వాక్యానికి వివరణ అక్కరలేదు.

ఉద్యోగ దరఖాస్తులలో తరచు కనిపించే పొరపాటు ఇక్కడిదే. “ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యు” అని రాస్తారు. ఇక్కడి “టు” ప్రిపోజిషన్. దాని తరువాత నామవాచకం గాని, నామవాచకంలా పనిచేసే “ఇంగ్” రూపం గాని రావాలి. “లుకింగ్ ఫార్వర్డ్ టు మీటింగ్ యు” లేదా “లుకింగ్ ఫార్వర్డ్ టు ది ఇంటర్వ్యూ” అని రాయండి.

“ఆఫ్ ద లైట్”, “కోప్ అప్ విత్”, “పాస్డ్ అవుట్ ఇన్ 2019” అని అందరూ అంటున్నారు. ఇవి తప్పులా?

ఒక్కొక్కదాని కథ వేరు. “లైటు ఆఫ్ చెయ్యి” అన్నప్పుడు తెలుగు ఇంగ్లీషు నుంచి పార్టికల్‌ను మాత్రమే అరువు తెచ్చుకొని, క్రియ స్థానంలో తన సొంత “చెయ్యి”ని పెట్టుకున్నది. తెలుగుగా అది చక్కని వాక్యం. దానిని తిరిగి ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు “చెయ్యి” రాలిపోయి “ఆఫ్ ద లైట్” మిగులుతుంది, అంటే క్రియ లేని వాక్యం. “స్విచ్” గాని “టర్న్” గాని చేర్చితే సరిపోతుంది.

“కోప్ అప్ విత్”లో “అప్” అనవసరం. “కోప్ విత్ ద వర్క్‌లోడ్” అంటే చాలు. “కీప్ అప్ విత్”, “పుట్ అప్ విత్” అనే మాటల పోలికతో ఆ “అప్” వచ్చి చేరి ఉండవచ్చు. “డిస్కస్ అబౌట్ ద ప్రాబ్లం” మన “సమస్య గురించి చర్చించు” నుంచి వచ్చినదే. “డిస్కస్” నేరుగా నామవాచకాన్ని తీసుకుంటుంది. “రిటర్న్ బ్యాక్”లో “బ్యాక్” రెండోసారి చెప్పినట్లు.

“పాస్డ్ అవుట్” విషయంలో జాగ్రత్త అవసరం. భారతదేశంలో అందరికీ అర్థమయ్యే వాడుక అది. నౌకాదళం ఉన్న నగరం కనుక శిక్షణ ముగిసినప్పుడు జరిపే పాసింగ్ అవుట్ పరేడ్ అన్న మాట కూడా మనకు సుపరిచితమే, అది బ్రిటిష్ ఇంగ్లీషులోనూ ఉన్నది. అయితే విదేశీ సంస్థ ఇంటర్వ్యూలో “ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2019” అంటే, ఆ సంవత్సరంలో స్పృహ తప్పి పడిపోయినట్లు వినిపించే ప్రమాదం ఉన్నది. “ఐ గ్రాడ్యుయేటెడ్ ఫ్రమ్ ఆంధ్రా యూనివర్సిటీ ఇన్ 2019” అన్నది ఎక్కడైనా చెల్లుతుంది.

కర్మణి వాక్యంలో నౌన్ ఫ్రేజ్ ముందుకు వెళ్ళిపోతే పార్టికల్ ఎక్కడ ఉంటుంది?

క్రియ దగ్గరే ఉండిపోతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ వద్ద తీరం దాటినప్పటి పరిస్థితిని వర్ణించాలంటే “ద విండ్ బ్లూ డౌన్ ద ట్రీస్”, “ద విండ్ బ్లూ ద ట్రీస్ డౌన్” అనే రెండు కర్తరి వాక్యాలూ సరైనవే. కర్మణిలో మాత్రం “ద ట్రీస్ వర్ బ్లోన్ డౌన్” అన్న ఒక్క రూపమే ఉంటుంది. “ద పవర్ సప్లై వజ్ కట్ ఆఫ్” కూడా అంతే. ప్రిపోజిషనల్ వెర్బులు కూడా ఈ విధంగానే నడుస్తాయి: “ద చిల్డ్రన్ వర్ లుక్డ్ ఆఫ్టర్ బై దెయిర్ అమ్మమ్మ”. చివర వేలాడుతున్నట్లుగా ఉన్నదని “ఆఫ్టర్”ను వదిలేస్తే అర్థం చెడుతుంది.

రెండు నౌన్ ఫ్రేజులను కోరే నిర్మాణాలలో ఒకటి మాత్రమే ముందుకు వెళుతుంది. బీచ్ రోడ్డులోని కురుసుర జలాంతర్గామి గురించి “ద సబ్‌మెరైన్ వజ్ టర్న్డ్ ఇంటూ ఎ మ్యూజియం ఇన్ 2002” అని రాస్తాము. “ఇంటూ”తో పాటు “ఎ మ్యూజియం” కదలకుండా ఉంటుంది.

“లాగిన్, చెకిన్, సెటప్” ఒక మాటా, రెండు మాటలా?

నామవాచకమైతే ఒక మాట, లేదా మధ్యలో గీత ఉన్న మాట; క్రియ అయితే రెండు మాటలు. “మై లాగిన్ ఈజ్ నాట్ వర్కింగ్”లో అది నామవాచకం, “ప్లీజ్ లాగ్ ఇన్”లో క్రియ. పలికేటప్పుడు నామవాచకానికి మొదటి భాగం మీద, క్రియకు రెండో భాగం మీద ఒత్తు పడుతుంది. తెలుగు ఈ నామవాచక రూపాలను ఎంతో ఇష్టంగా తీసుకొని “చెకప్ చేయించాను, బ్యాకప్ తీశాను” అని వాడుతుంది. ఇంగ్లీషు ఈమెయిల్‌లో “ఐ విల్ బ్యాకప్ ద ఫైల్స్” అని క్రియను ఒకే మాటగా కలిపి రాయడం దాని ప్రభావమే కావచ్చు.

ఆఫీసు ఉత్తరాలలో ఫ్రేజల్ వెర్బులు వాడవచ్చునా? అవి వాడుక మాటలు కదా?

వాడవచ్చు. ఇవి ఇంగ్లీషుకు కొత్తగా అబ్బిన యాస కాదు. శామ్యూల్ జాన్సన్ 1755 నాటి తన నిఘంటువు పీఠికలోనే ఈ రకం క్రియలు విదేశీయులకు అత్యంత కష్టమైనవని ప్రస్తావించాడు. నోటీసులలో, ఒప్పంద పత్రాలలో “పుట్ ఆఫ్”కు బదులు “పోస్ట్‌పోన్”, “పుట్ అప్ విత్”కు బదులు “టాలరేట్” వంటి లాటిన్ మూలపు క్రియలు ఎక్కువగా కనిపిస్తాయి. “క్యారీ అవుట్ ఎ సర్వే”, “సెట్ అప్ ఎ కమిటీ” వంటివి మాత్రం ఎంత లాంఛనమైన ఉత్తరంలోనైనా ఇముడుతాయి. తోటి ఉద్యోగికి రాసే రెండు పంక్తుల ఈమెయిల్‌లో “టాలరేట్” అని రాస్తేనే అసహజం.

దరఖాస్తు ఫారాన్ని “ఫిల్ ఇన్” చేయాలా, “ఫిల్ అవుట్” చేయాలా, “ఫిల్ అప్” చేయాలా?

బ్రిటిష్ వాడుకలో ఎక్కువగా “ఫిల్ ఇన్ ద ఫారమ్”, అమెరికన్ వాడుకలో “ఫిల్ అవుట్ ద ఫారమ్”. “ఫిల్ అప్ ద ఫారమ్” మన దేశంలో విస్తారంగా వినిపిస్తుంది, ఇక్కడి బ్యాంకులోనో కాలేజీలోనో దానివల్ల ఇబ్బంది ఏమీ రాదు. బయటివారితో మాట్లాడేటప్పుడు మొదటి రెండింటిలో ఒకటి ఎంచుకోండి, ఎందుకంటే వారికి “ఫిల్ అప్” అనగానే గుర్తుకు వచ్చే నామవాచకం పెట్రోలు ట్యాంకు. గాజువాక దగ్గర బంకులో బండి ఆపి “ఫిల్ ఇట్ అప్” అంటే మాత్రం అన్ని దేశాల ఇంగ్లీషులోనూ సరిగ్గా ఉంటుంది.